పోగులతికే జయరాముడు

“ఇది చిన్నపిల్లలకు అంటుకుంటాదా డాక్టర్?”

నోరు జారిన మరుక్షణమే జ్యోతిలక్ష్మికి సిగ్గేసింది. ఆమె ధర్మవరంలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతుంది. క్యాన్సర్ అంటువ్యాధి కాదని తెలియక అడిగిన మాట కాదది. ఇంట్లో నాలుగేళ్ల కూతురు మోక్షిత ఉంది. ఆ పిల్ల రోజూ తాత పళ్లెంలో చెయ్యి పెట్టి తింటుంది, తాత కొరికిచ్చిన జామకాయ అయితేనే ముట్టుకుంటుంది. చదివిన చదువు ఒక మాట చెబుతుంటే కన్నకడుపు ఇంకో మాట చెబుతోంది.

డాక్టర్ ఇంద్రాణిది రాయదుర్గం వైపు. మాట సూటిగా ఉంటుంది. “అంటుకునేదైతే ఈ కుర్చీలో నేనింకా ఉంటానా తల్లీ?” అంది నవ్వకుండానే.

తాత అంటే జ్యోతిలక్ష్మి మామ, జయరాముడు. ఆయన అప్పుడు బయట వరండాలో బెంచీ మీద కూర్చుని, బత్తలపల్లె నుంచి వచ్చిన ఇంకో రోగితో ఈ ఏడు వేరుశనగ ఎవరికి ఎంత పోయిందో ఆరా తీస్తున్నాడు. లోపల మాట్లాడుకునేది తన నోటి గురించేనని ఆయనకు తెలుసు. ఏం మాట్లాడుకుంటున్నారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

జయరాముడు నేతగాళ్ల ఇంట పుట్టినా మగ్గంలో కూర్చుని నేసింది తక్కువ. ఆయనది పోగులు అతికే పని. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా కలపాలి. వేలకొద్దీ పోగులు. పాత కొసా కొత్త కొసా పక్కపక్కన చేర్చి, బూడిద అద్దుకున్న బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పితే రెండూ ఒకటైపోవాలి. మెలి వదులైతే జారుతుంది, బిగిస్తే తెగుతుంది. సన్నపట్టు కంటికి ఆనదు, వేలికే ఆనుతుంది. అందుకే ఆయన పని చేసేటప్పుడు పోగుల వైపు చూసేవాడు కాదు. ఎదుటి మనిషి మొహం చూస్తూ కబుర్లు చెప్పేవాడు. ఏ ఇంట్లో అతుకు పని ఉంటే ఆ ఇంటికి పోవడం వల్ల పేటలో పెళ్లిళ్లూ అలకలూ భాగాల పంపకాలూ అన్నీ ఆయన నోటినుంచే ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి చేరేవి. “మా ఆయనకు వేళ్లాడితేనే నోరాడుతాది. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాక చూడండి, మూగెద్దే” అని ఆయన భార్య నాగలక్ష్మమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

మాట్లాడేటప్పుడు గడ్డం కాస్త పైకెత్తేవాడు, ఎడమ బుగ్గలో ఉన్నది కారకుండా. పట్టు దగ్గర నిప్పు పనికిరాదు. బీడీ కావాలంటే లేచి వీధిలోకి పోవాలి, లేస్తే చేతిలోని వరస తప్పుతుంది. అందుకని పని నేర్చుకున్న నాటినుంచీ ఆయన బుగ్గలో ఆకు, వక్క, సున్నం, పొగాకు ఉండేవి. అతుకు పనికి బూడిద ఎలాగో బుగ్గకు అది అలాగ. దాన్ని దురలవాటని ఆ పేటలో అన్నవాళ్లు లేరు.

ఆ బుగ్గలోనే పుండు లేచింది. సున్నం పొక్కిందనుకున్నాడు. ఆకు వేసుకునేవాళ్లకు సున్నం ఎక్కువైతే నోరు పొక్కడం మామూలే, రెండు రోజుల్లో మానుతుంది. ఇది మానలేదు. జయరాముడు పోయి అంగడి లింగప్పను పట్టుకున్నాడు.

“ఏమప్పా లింగప్పా, సున్నమిస్తాండావా, బట్టీలో నిప్పులిస్తాండావా?”

“నువ్వు పెండ్లి కాకముందు నుంచి తింటాండేది ఈ సున్నమే కదన్నా. సున్నం మారలే, నీ బుగ్గే ముసలిదయ్యిండాది” అన్నాడు లింగప్ప.

జయరాముడికి కోపమొచ్చి అంగడి మార్చాడు. పుండుకు నెయ్యి పూశాడు. సున్నం తగ్గించి చూశాడు, పూర్తిగా మానేసీ చూశాడు. పొగాకును మాత్రం వదల్లేదు. దాని మీద ఆయనకు అనుమానమే రాలేదు. అలా ఒక వేసవి పోయింది, రావలసిన వానలు రాకుండా వానాకాలమూ పోయింది. సంగటి ముద్దలు గుటుక్కున మింగే మనిషి జావకు దిగాడు. ఒక ఆదివారం జ్యోతిలక్ష్మి ఫోన్ లైటు వేసి ఆయన నోట్లోకి చూడబోతే దవడ రెండు వేళ్ల మందం కూడా తెరుచుకోలేదు. మెడ కింద చెయ్యి పెడితే గట్టిగా గడ్డ తగిలింది. ఆమె లైటు ఆర్పేసి, ఏమీ లేదు మామా, ఒకసారి అనంతపురంలో చూపిద్దాం అంది. ఆ ఇంట్లో చెప్పిన మొదటి అబద్ధం అదే.

పరీక్షలన్నీ అయ్యాక, డాక్టర్ ఇంద్రాణి గదిలో కొడుకూ కోడలూ కూర్చున్నారు. కోత పెట్టి తీసేసే దశ దాటిపోయిందని డాక్టర్ చెప్పింది. కరెంటు పెట్టి, అంటే రేడియేషన్‌తో, పూర్తిగా మాన్పించే దశా కాదు. రోగాన్ని కొంతకాలం అణిచి ఉంచడానికి, నొప్పి తగ్గి నాలుగు ముద్దలు మింగడానికి మందు ఇవ్వొచ్చు. ఎలాంటి మందు అన్నదే ఆలోచించాలి.

వయసెంత అని అడిగింది. కొడుకు మార్కండేయ డెబ్బై రెండన్నాడు. జ్యోతిలక్ష్మి డెబ్బై అయిదని విన్నానంది. డాక్టర్ ఆ తగువును పట్టించుకోలేదు. అంకెకు కాదు తాను మందు ఇచ్చేదని చెప్పి వరసగా అడిగింది. తనంతట తాను నడుస్తాడా? ఈ మధ్య ఎప్పుడైనా పడ్డాడా? ఎంత తగ్గాడు? మతిమరుపుందా? వండిపెట్టేదెవరు? రాత్రి వాంతులైతే లేచేదెవరు? అన్నిటికీ జవాబులు బాగానే వచ్చాయి. చివరికి, ఏం పని చేస్తాడని అడిగింది.

“పనా? ఎప్పుడో మాన్పించినాం డాక్టర్. ఇంట్లో కాలు మీద కాలేసుకోని ఉంటాడు” అన్నాడు మార్కండేయ.

అది నిజం కాదు. ముందు వారం దాకా జయరాముడు పేటలోనే నేతగాడు తిమ్మన్న ఇంట్లో అతుకు పని చేసే వచ్చాడు. అయితే మార్కండేయకు సొంత మగ్గాలున్నాయి, చీరల వ్యాపారముంది. అలాంటి ఇంటి ముసలాయన కూలికి పోతాడంటే కొడుకు మొహాన ఉమ్మినట్టే. వద్దని ఎన్నోసార్లు పోట్లాడాడు. కొడుకు అంగడికి పోగానే తండ్రి బూడిద పొట్లం జేబులో వేసుకుని వీధి దాటేవాడు. ఎవరడిగినా చెప్పడానికి మార్కండేయ దగ్గర ఒకే జవాబు ఉండేది. డాక్టర్ అడిగినప్పుడూ అదే అలవాటుగా వచ్చేసింది. పక్కనే ఉన్న జ్యోతిలక్ష్మి కూడా నోరు మెదపలేదు. మొగుడి మాటను పరాయిచోట కాదనడం ఎందుకనుకుంది. ముసలాయన పనికీ మందుకూ సంబంధమేమిటని కూడా అనుకుంది.

ఒక గట్టి మందుకు ఆయన మూత్రపిండాలు తట్టుకోవని డాక్టర్ చెప్పింది. ఇంకోటుంది, కాస్త తగ్గించి వారం వారం సెలైన్‌లో ఎక్కిస్తామంది. జుట్టు ఊడుతుంది. వేళ్ల కొసలు మొద్దుబారొచ్చు. “ఇంట్లో ఉండే మనిషే కదా, దానికి ఓర్చుకుంటాడు” అంది.

రోగం పేరు ఆయనకు చెప్పొద్దని మార్కండేయ బతిమాలాడు. పేరు వింటే సగం ప్రాణం పోతుందన్నాడు. ఎవరి ఒంట్లోకి మందు పోతుందో ఆ మనిషికి చెప్పాలంది డాక్టర్. మెల్లగా మేమే చెప్తామని ఒప్పించి బయటికొచ్చారు. తిరుగు బస్సులో మార్కండేయ తండ్రి పక్కన కూర్చుని, సున్నం పొక్కు ముదిరిందనీ, బలానికి సెలైన్ పెడతారనీ, నొప్పేమీ ఉండదనీ చెప్పాడు. జయరాముడు కిటికీలోంచి బీడునేలల్ని చూస్తూ సరేనన్నాడు.

మందు పని చేసింది. నాలుగు విడతలు అయ్యేసరికి పుండు తగ్గుముఖం పట్టింది, దవడ కాస్త తెరుచుకుంది, మెత్తటి సంగటి గొంతు దిగింది. జుట్టు ఊడితే వేడి చేసిందన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, జ్యోతిలక్ష్మి తప్ప.

మందు ఎక్కించిన తర్వాత రెండు రోజులు ఆయన వాంతి, మూత్రం పిల్లలకు తగలకుండా చూసుకోమని, బాత్రూంలో నీళ్లు ఎక్కువ పోయమని ఆసుపత్రిలో చెప్పారు. ఆమె ఆ రెండు రోజుల్ని వారమంతా సాగదీసింది. మామకు పళ్లెం వేరు, చెంబు వేరు, దుప్పటి వేరు చేసింది. తాతకు జలుబు, దగ్గరికి పోవద్దని పిల్లకు చెప్పింది. కాలేజీలో తీరిక దొరికితే ఫోన్‌లో చదివేది. ఒక భయం పోగొట్టుకుందామని చదివితే ఇంకో భయం దొరికేది. మోక్షిత ఒకసారి తలుపు సందులోంచి జామకాయ దొర్లిస్తే దాన్ని తీసి పారేసింది. మంచం మీద నుంచి మామ అది చూశాడు.

తర్వాత కొన్నాళ్లకు జయరాముడు తన మంచం తానే ఈడ్చుకుంటూ పెరట్లోని మగ్గాల గదికి మారాడు. అక్కడ గాలి బాగుంటుందన్నాడు. పట్టు ఉండే గదిలో గాలి ఆడనివ్వరని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఎదురడగలేదు. నిజం చెప్పాలంటే, జ్యోతిలక్ష్మి మనసు తేలికపడింది.

ఆ వారం ఆసుపత్రికి రానన్నాడు. మార్కండేయ అరిచాడు, నాగలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. “నాకింక బలం వద్దప్పా. ఉన్న బలం చాలు” అని గోడ వైపు తిరిగాడు. ముసలితనం మొండితనం అనుకున్నారు. పైవారమూ అంతే. మందు ఆగిపోయింది. ఆగితే పుండు మళ్లీ లేస్తుందనీ, ఈసారి లేస్తే ఎంత మందుకూ లొంగకపోవచ్చనీ జ్యోతిలక్ష్మికి తెలుసు. ఆయన్ని ఎలా కదిలించాలో తెలియలేదు.

అప్పుడొచ్చాడు తిమ్మన్న. మార్కండేయ లేని వేళ చూసుకుని వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. మీ మామకు ఏమైందమ్మా అని అడిగాడు. కిందటి నెల పడుగు అతకడానికి వచ్చాడట. ఎప్పటిలాగే కూర్చున్నాడు, బూడిద అద్దుకున్నాడు, మెలి తిప్పాడు. పోగు నిలబడలేదు. మళ్లీ తిప్పాడు. కబుర్లు ఆగిపోయాయి. పోగును పెదవికి ఆనించి చూసుకున్నాడు, అది అక్కడ ఉందో లేదో తెలుసుకోవడానికి. పొద్దు నడినెత్తికొచ్చినా టీ తాగేంతసేపట్లో అయ్యే పని కూడా కాలేదు. కళ్లు తిరుగుతున్నాయని లేచాడు.

“పోతా పోతా ఒక మాట చెప్పినాడమ్మా. నేను కూర్చున్న తావు కడిగించు, పిలకాయల్ని ఈడికి రానీవాకు అని. అట్లా ఎందుకన్నాడో నాకు అర్థం కాలే.”

జ్యోతిలక్ష్మికి అర్థమైంది. వేళ్లను మొద్దుబార్చింది మందు. డాక్టర్ ఆ రోజే చెప్పింది, దానికే ఏం పని చేస్తాడని అడిగింది. కానీ ఆయనకు ఎక్కించింది బలం మందని చెప్పారు. బలం మందు వేళ్లను చంపదు కాబట్టి, వేళ్లను చంపింది రోగమేనని ఆయన లెక్క కట్టుకున్నాడు. రోగం నోటి నుంచి చేతులకు దిగింది. పళ్లెం వేరు చేశారు, జామకాయ పారేశారు. అంటే అది పిల్లకు కూడా దూకుతుంది. ఆయనకు అందిన సంగతుల్ని బట్టి ఆ లెక్కలో తప్పేమీ లేదు. అందుకే మంచం ఈడ్చుకుని పోయాడు.

ఆమె మగ్గాల గదికి వెళ్లింది. జయరాముడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె కింద కూర్చుంది.

“మామా, మీకు పెడతాండేది బలం మందు కాదు. మీకొచ్చింది క్యాన్సర్.”

“ఆ పేరు ఆసుపత్రి గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసిండారు కదమ్మా. నాకు చదువు రాదనుకుంటిరా?” అన్నాడు. “పేరు తెలుసు. మీరు చెప్పకపోతే నేను అడక్కూడదేమోనని ఊరకుంటి. అయితే చేతులకు కూడా వచ్చిండాదే?”

“రాలేదు. వేళ్లు అట్లయింది మందు వల్ల. ఆ మందు మానుకుంటే కొంచెం కొంచెంగా తిరిగి రావచ్చు. అన్నీ రాకపోవచ్చు.”

“పాపకు?”

“ఎప్పటికీ రాదు మామా. ఎవరికీ అంటుకోదు. భయపడింది నేను. నాది తప్పు.”

ఆయన రెండు చేతులూ ఎత్తి, వాటిని అప్పుడే తిరిగి ఇచ్చినట్టు చూసుకున్నాడు. నవ్వడానికి కుడి పక్క మాత్రమే కదిలింది.

ఆ రాత్రి మార్కండేయకు విషయం తెలిసింది. తర్వాతి సోమవారం ఆసుపత్రిలో, ఈసారి తండ్రిని లోపల కుర్చీలో కూర్చోబెట్టి, తాను నిలబడి చెప్పాడు. “పనికి పోతాడు డాక్టర్. పోగులు అతుకుతాడు. నేను ఆ రోజు చెప్పలేదు.”

“నీ పరువంతా ఆయన వేళ్ల మీద పెట్టినావు కదప్పా” అంది ఇంద్రాణి. అంతకుమించి తిట్టలేదు. ఆయన వైపు తిరిగి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సెలైన్ మందు పుండు మీద బాగా పని చేస్తోంది, దాన్ని ఇంకా తగ్గించి కొనసాగించవచ్చు, కానీ వేళ్లు ఇంకా పోతాయి. లేదంటే మాత్రలున్నాయి. ఒకటి వారానికొక్కసారి, ఇంకొకటి రోజూ. ఇంట్లోనే మింగొచ్చు, వేళ్ల జోలికి పోవు. ఈ వయసులో చాలామంది వాటిని తట్టుకుంటారు. అయితే నోరు పుండ్లు కావచ్చు, రక్తం తగ్గొచ్చు, ఎప్పటికప్పుడు పరీక్ష చేయించాలి. రోగాన్ని ఎంతకాలం ఆపుతాయో చెప్పలేనంది. కొందరికి నెలలు, కొందరికి అంతకంటే ఎక్కువ, కొందరికి అసలు ఆపవు.

వేళ్లు పోగొట్టుకుంటే ఎక్కువ కాలం బతుకుతానా అని జయరాముడు అడిగాడు. బతకొచ్చు, కచ్చితంగా చెప్పలేనంది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని వేళ్ల కొసలు ఒకదానికొకటి రుద్దుకున్నాడు. ఆ తర్వాత అన్న మాట జ్యోతిలక్ష్మికి ఉన్నదున్నట్టు గుర్తుంది.

“నాకు వేళ్లాడితేనే నోరాడేది తల్లీ. ఉత్త నోరు పెట్టుకోని ఎన్నాళ్లుంటే ఏమి? మాత్రలే ఇయ్యి.”

మార్కండేయ ఏదో అనబోయాడు. జ్యోతిలక్ష్మి అతని మోచెయ్యి పట్టుకుంది.

వారం మాత్రను పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టర్ ఒకటికి రెండుసార్లు చెప్పింది. దాన్ని నాగలక్ష్మమ్మ తన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. సోమవారం పొద్దున స్నానం చేసి, తాళం తీసి ఇచ్చేది. మిగతా రోజుల్లో దేవుడొచ్చి అడిగినా ఇవ్వనని చెప్పేది.

వేళ్లు మెల్లగా వచ్చాయి, సగమే వచ్చాయి. సన్నపట్టు మళ్లీ ఆయన చేతికి చిక్కలేదు. కాస్త లావు పోగు మీద మెలి నిలిచేది. మార్కండేయ తన మగ్గాల్లో ఒకదానికి అలాంటి పడుగు ఎక్కించి, తండ్రిని దాని ముందు కూర్చోబెట్టాడు. వీధి తలుపు తెరిచే ఉంచాడు. దారిన పోయేవాళ్లు, ఏమప్పా, ముసలాయనతో పని చేయిస్తాండావా అని ఎత్తిపొడిస్తే, వద్దంటే వింటాడా అని నవ్వేసేవాడు. ఒకరోజు పని ఇప్పుడు వారం పట్టేది. తిమ్మన్న వచ్చి ఎదురుగా కూర్చుని పేట కబుర్లు తానే మోసుకొచ్చేవాడు. మోక్షిత బూడిద గిన్నెలో చేతులు పెట్టి మొహానికి పూసుకునేది. పొగాకు మానేశాడు గాని బుగ్గలో ఏదో ఒకటి ఉండాలని లవంగం పెట్టుకునేవాడు. జ్యోతిలక్ష్మి ఇప్పటికీ చేతులు రెండుసార్లు కడుక్కునేది, పిల్ల చేతులు మూడుసార్లు కడిగేది. పళ్లేలు మాత్రం కలిపేసింది.

మాత్రలు రోగాన్ని ఆ చలికాలమంతా, ఆ తర్వాత ఇంకో వానాకాలం దాకా ఆపాయి. ఆ పైన ఆపలేదు. మెడ గడ్డ పెరిగింది. చివరి నెలల్లో నొప్పికి మందు తప్ప ఇంకేమీ వద్దన్నాడు. ఈసారి ఎవరూ బలం మందని చెప్పలేదు, ఆయనా అడగాల్సింది అడగకుండా ఊరుకోలేదు. ఉగాది దాటి ఎండలు ముదిరాక, పొద్దున పూట, ఇంట్లోవాళ్లంతా మెలకువగా ఉండగానే పోయాడు.

పిల్లల పెంపకం గురించి ఆయన కోడలికి చెప్పింది ఒక్కటే, అదీ మాత్రలు మింగుతున్న రోజుల్లో. రక్తపరీక్షకు మోక్షిత కూడా వెంటపడి వచ్చింది. సూది చూసి బిక్కమొహం వేసింది. తాతకు నొప్పి లేదులే అని జ్యోతిలక్ష్మి అలవాటు ప్రకారం అనేసింది. జయరాముడు చెయ్యి చాపి ఉంచే, ఆమె వైపు తిరిగాడు.

“ఎందుకుండదమ్మా, ఉండాది. బిడ్డకు నొప్పి లేదని చెప్పొద్దు. నొస్తాదని చెప్పు, ఎంతసేపు నొస్తాదో అదీ చెప్పు. తెలిసిన నొప్పిని ఎవరైనా ఓర్చుకుంటారు. తెలియకపోతే, ఏమేమో అనుకుంటారు.”

ఈ ఏడు మోక్షితకు అయిదేళ్ల టీకా వేయించాల్సి వచ్చింది. ముందురోజంతా జ్యోతిలక్ష్మి జ్వరమొస్తే ఏమిటి, వాస్తే ఏమిటి అని కంగారుపడుతూనే ఉంది. సూది పట్టుకున్న నర్సు, చీమ కుట్టినట్టుంటాది పాపా, అంతే అంది. జ్యోతిలక్ష్మి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

“చీమ కాదమ్మా. గట్టిగానే నొస్తాది. నువ్వు పది లెక్కబెట్టేలోపల సూది బయటికొచ్చేస్తాది. చెయ్యి మాత్రం రేపటిదాకా సలుపుతాది. ఏడుపొస్తే ఏడువు.”

మోక్షిత ఏడ్చింది. ఏడుస్తూనే లెక్కపెట్టింది.